మొక్కు, కొట్టు, లగెత్తు

పోయిన శనివారం మా కారు పొగలు కక్కింది. అబూధాబి శివార్లలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా ఇంటికి దగ్గర్లోనే ఆగిపోతే ఎలాగో గ్యారేజీ దాకా తోయించాను. మెకానిక్ బానెట్ ఎత్తి, రేడియేటర్‌కి ఉండే నల్ల రబ్బరు గొట్టాన్ని పీకి, "ఇదీ సంగతి మేడమ్, చీలిపోయింది" అంటూ నా చేతిలో పెట్టాడు. ఇంకా వేడి తగ్గలేదు. ఆ వాసన ముక్కుకి తగిలిందో లేదో, నేను రాస్ అల్ ఖైమా కొండల కింద, తెల్లటి రాతి దుమ్ములో, రెండు జడలేసుకుని నిలబడి ఉన్నాను. కాలిన రబ్బరు, గ్రీజు, వాటి మీద కాసిన ఎండ, ఇదే నా చిన్నతనం వాసన. అందరి చిన్నతనాలకీ మల్లెపూల వాసనో తొలకరి మట్టి వాసనో ఉంటుందట. ఉండనివ్వండి. నాకు నాదే బాగుంటుంది.

చూస్తుండగానే ఆ గొట్టం చేతిలోంచి జారి నా కాలి మీద పడింది. వంగి, దాన్ని వేళ్ళతో తాకి, కళ్ళకద్దుకున్నాను. పక్క కుర్చీలో కాఫీ తాగుతున్న పెద్దమనిషి కిసుక్కున నవ్వాడు. చీలిపోయిన గొట్టానికి దండం పెట్టే మనిషిని ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. "నవ్వండి, నవ్వినోళ్ళని చాలామందిని చూశాం" అన్నాను. ఆయనకి తెలుగు రాదు. అయినా నవ్వు ఆపాడు. ఆ మాట నాది కాదు, మస్తానమ్మ పెద్దమ్మది. మీలో ఎవరికీ ఆమె తెలియదు. తెలిసి ఉండాల్సిన మనిషి, అందుకే ఇదంతా రాస్తున్నాను.

పెద్దమ్మ అన్నానని ఆమె మా చుట్టమనుకునేరు. వాళ్ళు నెల్లూరు వైపు ముస్లిములు. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఎనభైల్లో మా బాపు రాస్ అల్ ఖైమాలో ఒక రాళ్ళ క్వారీలో క్రషర్ మీద పనిచేసేవాడు. కూలీగా వచ్చి, ఏళ్ళ తరబడి దుమ్ము మింగి ఫోర్‌మన్ అయ్యాక, కంపెనీవాళ్ళు లైన్ క్వార్టర్స్‌లో గదిన్నర ఇల్లు ఇస్తే అమ్మనీ నన్నూ తెచ్చుకున్నాడు. ఊళ్ళో వాళ్ళకి మాత్రం మేము దుబాయ్‌లో ఉన్నట్టే. దుబాయ్ ఎక్కడో, ఆ గుట్టలెక్కడో! మా గోడకి అవతల జిలానీ పెద్దనాన్న గది. ఆయన వెల్డరు, నోట్లో నాలుక లేని మనిషి. ఆ లోటు ఇంట్లో తెలియకుండా ఆయన భార్య మస్తానమ్మ చూసుకునేది. వాళ్ళబ్బాయి ఖాజాది నా ఈడే, ఆరేళ్ళు. అవతల పోపు పడితే ఇవతల మేము దగ్గేవాళ్ళం, గోడ అంత పల్చన. మా అమ్మ ఆమెను "అక్కా" అనేది కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. సన్నగా, పొడుగ్గా ఉండేది. చీరకొంగు తలమీదికి లాక్కుని, దాని చివర పళ్ళతో పట్టుకుని మాట్లాడేది. అంత పట్టుకున్నా క్రషర్ మోతని దాటి వినపడేది ఆమె గొంతు.

మా క్వార్టర్స్‌కి ఎదురుగా ఇనప కంచె, కంచెకి అవతల అమెరికా ఇంజనీర్ల ఇళ్ళు, ఆ ఇళ్ళ మధ్య గ్రౌండు. పచ్చ గడ్డి! మాకు తాగేనీళ్ళ ట్యాంకరు ఒక్కోరోజు ఎగ్గొట్టేది గానీ ఆ గడ్డికి మాత్రం తప్పేది కాదు. శుక్రవారం సాయంత్రాలు అక్కడ వాళ్ళ చిన్నపిల్లలు ఒక ఆట ఆడేవాళ్ళు. దాని పేరు టీ-బాల్. బంతి ఎవరూ విసరరు. నడుమెత్తు రబ్బరు గొట్టం నిలబెట్టి, దాని మీద బంతి పెడతారు. ఆ గొట్టాన్నే 'టీ' అంటారు. పిల్లో పిల్లాడో బ్యాటుతో దాన్ని కొట్టి, బ్యాటు కింద పడేసి, నాలుగు మూలలూ చుట్టి మొదలుపెట్టిన చోటికి పరిగెత్తాలి. మూల చేరేలోగా అవతలి జట్టు బంతి పట్టుకొచ్చి అక్కడ ముట్టిస్తే ఔట్. అంతే ఆట. పాలపళ్ళు ఊడని పిల్లలకి అంతకంటే ఏం కావాలి? మేము కంచెకి మొహాలు ఆనించి చూసేవాళ్ళం. ఇంటికెళ్ళాక కంచె అచ్చులు బుగ్గల మీద ఉండేవి.

ఆ ఏడాది అమెరికా కుటుంబాలు కొన్ని ఖాళీచేసి వెళ్ళిపోయాయి. మిగిలిన పిల్లలు ఒక్క జట్టుకే సరిపోయారు. ఒక్క జట్టుతో ఆట ఎలా? అందుకని క్వార్టర్స్ పిల్లలు రెండో జట్టు కట్టవచ్చన్నారు. మా మీద ప్రేమతో కాదు, ఎదుట నిలబడి ఓడిపోయేవాళ్ళు ఎవరో ఒకరు కావాలి కదా! దానికో షరతు. జట్టుకి కోచ్‌గా ఆ పిల్లల అమ్మో నాన్నో ఉండాలి, ప్రతి ఆటకీ గ్రౌండులో నిలబడాలి. లేకపోతే జట్టు రద్దు. ఈ సంగతి చెప్పడానికి మా క్యాంప్ బాస్ వచ్చాడు. మనవాడే, హైదరాబాద్ ఆయన. ఎవరికి క్వార్టర్ ఇవ్వాలో, ఎవరిని ఖాళీ చేయించాలో అంతా ఆయన చేతిలో పని. శుక్రవారమైనా క్రషర్ ఆగదు, మగవాళ్ళంతా డ్యూటీలో ఉంటారు, ఆడవాళ్ళు గేటు దాటరు అని ఆయనకి బాగా తెలుసు. "ఎవరూ లేరు కదా? ఖలాస్, అదే రాసుకుంటాను" అని వెనక్కి తిరిగాడు.

"నేనుండాను గదా" అంది మస్తానమ్మ, బియ్యం చాట పక్కన పెట్టి.

"నువ్వా! నీకేం తెలుసమ్మా ఆ ఆట?"

"కంచె కాడ నిలబడి ఎన్ని శుక్రవారాలు చూసుంటానో. మీరెప్పుడన్నా చూశారా సారూ?"

"ఆడవాళ్ళు చేసే పని కాదిది."

"అవతల జట్టుకి నేర్పిచ్చేది దొరసాని గాదా? ఆమెకేమన్నా మీసాలుండాయా?"

ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. క్యాంప్ బాస్ మొహం కందగడ్డైంది. అయినా షరతు పెట్టింది పైవాళ్ళు, కాదనడానికి ఆయనకి ఏ వంకా దొరకలేదు. ఆయన వెళ్ళాక మా అమ్మ భయపడుతూ అడిగింది, "నీకెందుకక్కా ఈ లొల్లి? సప్పుడు జేయక ఉండరాదా?" మస్తానమ్మ మళ్ళీ చాట అందుకుని చెరుగుతూ చెప్పింది. చిన్నప్పుడు స్కూల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడేదట. జట్టులో తనే బాగా ఆడేదట. పెద్దమనిషి అయిందని ఇంట్లో మాన్పించేశారు. "ఆ రోజు నేను నోరెత్తలేదు మ్మే. గమ్మునున్నా. ఆ గమ్మునున్నదే ఇప్పటికీ గొంతులో ఉండాది" అంది. ఆరేళ్ళదాన్ని, నాకు ఆ మాట ఏం అర్థమవుతుంది? కానీ అప్పుడు ఆమె చాట చెరిగిన విసురు బాగా గుర్తుంది. బియ్యం సగం నేలపాలు.

గ్రౌండులో ఉండే గొట్టం గ్రౌండు దాటి రాకూడదన్నారు. బ్యాటూ బంతీ మాత్రం ఇచ్చారు. జిలానీ పెద్దనాన్న వర్క్‌షాపులో పాతబడ్డ లారీ రేడియేటర్ గొట్టం తెచ్చి, ఇనప పలకకి పైపు వెల్డింగ్ చేసి, దానికి తొడిగాడు. అదే మా టీ. మధ్యాహ్నం ఎండకి అది కాగి కాగి వాసనేసేది. క్వార్టర్స్ రెండు వరసల మధ్య సందులో మా ప్రాక్టీసు. తీగల మీద ఆరేసిన బట్టలు అడ్డం, పైనుంచి దుమ్ము. మస్తానమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, మొగుడి తెల్ల కాన్వాస్ బూట్లు వేసుకుని నిలబడేది. అవి ఆమెకి పెద్దవి, ముందర గుడ్డపీలికలు కుక్కుకునేది. మా జట్టులో మలయాళం పిల్లలున్నారు, సింహళం పిల్లలున్నారు, పెషావర్ నుంచి వచ్చిన అక్కాతమ్ముళ్ళున్నారు. తెలుగు వచ్చింది నాకూ ఖాజాకే. ఆమెకి అదేం పట్టలేదు. అందరికీ నెల్లూరు తెలుగులోనే నేర్పింది, మధ్యమధ్యలో "సమ్‌ఝే క్యా?" అని ఉర్దూ, తొందరపెట్టడానికి "యల్లా, యల్లా!" అని అరబ్బీ అతికించి. చలికాలం వచ్చేసరికి మలయాళం పిల్లలు కూడా "లగెత్తు! లగెత్తు!" అని అరవడం నేర్చుకున్నారు.

మొదటి ఆట రోజు కంచెకి అవతలికి వెళ్ళాం. గడ్డి మీద కాలు పెట్టగానే చల్లగా తగిలింది. అటువైపు మడతకుర్చీల్లో దొరలూ దొరసానులూ, చల్లటి డ్రింకులు. మధ్యలో టోపీ పెట్టుకున్న అంపైర్. కొబ్బరిచెట్టంత పొడుగు, మేము పొడుగాయన అనేవాళ్ళం. మా జట్టులో మొదట నన్ను పంపింది పెద్దమ్మ. కొట్టాను. టంగ్‌మని మోగింది బ్యాటు. బంతి గడ్డి మీద దొర్లుతూ చాలా దూరం పోయింది. బ్యాటు కింద పడేసి పరుగందుకున్నాను. ఆ పడేసిన బ్యాటు దొర్లుకుంటూ వచ్చి నా పాదం కింద పడింది, తొక్కాను. నాలుగు అడుగులు వేశాక తెలిసొచ్చింది. తొక్కాను! పుస్తకాన్ని తొక్కితే, చీపురుని తొక్కితే, ఆఖరికి బాపు స్పానర్‌ని తొక్కినా మా ఇంట్లో ఊరుకోరు. ఆగి, వెనక్కి పరిగెత్తి, బ్యాటుని తాకి కళ్ళకద్దుకుని, అప్పుడు మళ్ళీ మూల వైపు ఉరికాను. ఇంకేం ఉంది! వాళ్ళు బంతి తెచ్చి మూలలో పెట్టి నా కోసం ఎదురుచూస్తున్నారు.

మడతకుర్చీల్లో గొల్లుమన్నారు. అక్కడితో అయిపోయినా బాగుండేది. నా తర్వాత ఖాజా. వాడు నన్ను చూసి ఇదీ ఆటలో భాగమే అనుకున్నాడు. కొట్టి, నాలుగు అడుగులు ఉరికి, బుద్ధిగా వెనక్కొచ్చి బ్యాటుకి మొక్కి, ఔటయ్యాడు. ఆ తర్వాత పెషావర్ అమ్మాయి, ఆ తర్వాత మలయాళం పిల్లాడు. వరసపెట్టి మొక్కడం, వరసపెట్టి ఔట్. కుర్చీల్లో ఒకావిడ కళ్ళు తుడుచుకుంటోంది నవ్వి నవ్వి. ఒకాయన లేచి మమ్మల్ని అనుకరిస్తూ తన సీసాకి దండం పెట్టాడు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అప్పటిదాకా మూలలోనే నిలబడిపోయిన నేను వెనక్కి నడుస్తుంటే ఆ గ్రౌండు ఎంతకీ తరగలేదు.

పెద్దమ్మ కొడుతుందనుకున్నాను. ఆమె నా పక్కనుంచి దాటిపోయి నేరుగా ఆ కుర్చీల ముందు నిలబడింది. "ఏందయ్యా నవ్వేది? తొక్కిన దానికి తప్పైందని మొక్కింది బిడ్డ. మీ ఇళ్ళల్లో నేర్పలేదా ఆ మాత్రం మర్యాద? నవ్వండి, నవ్వినోళ్ళని చాలామందిని చూశాం!" అంది. ఒక్క ముక్క వాళ్ళకి తెలిసి ఉండదు. అయినా ఆ సీసా ఆయన కూర్చున్నాడు. పెద్దమ్మ తిరిగొచ్చి నా ముక్కు తన కొంగుతో తుడిచింది. "ఏడవబాక. నువ్వు తప్పు చెయ్యలేదు, వరస తప్పింది. అంతే. సాయంత్రం చెప్తా" అంది.

సాయంత్రం సందులో అందర్నీ నిలబెట్టి చెప్పింది. "మొక్కడం మానబాకండి. మా ఇంట్లో రొట్టె ముక్క కింద పడినా కళ్ళకద్దుకునే తింటాం. అయితే కొట్టినాక మొక్కేది ఏంది? ముందే మొక్కుకోండి. కాలు తగిలినా తగలకపోయినా ముందే అయిపోయింది గదా! ఇంక కొట్టినాక వెనక్కి చూసే పని ల్యా. బ్యాటు యాడ పడితే మీకెందుకు, ఎవురు నవ్వితే మీకెందుకు? మొక్కు, కొట్టు, లగెత్తు!" మాతో అరిపించింది. గోడల మధ్య ఆ అరుపులు మోగుతుంటే ఆరేసిన బట్టలు తీసుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు కూడా నవ్వుకున్నారు. మా అమ్మ అయితే లోపల రొట్టెలు చేస్తూ అదే మాటకి తాళం వేయడం నేను విన్నాను.

ఆ తర్వాత మమ్మల్ని ఆపేవాళ్ళు లేకపోయారు. చిన్నపిల్లల ఆట కాబట్టి ఎవరు గెలిచారో లెక్కపెట్టం అని వాళ్ళు ముందే చెప్పారు. బాగానే ఉంది. మొదట్లో గట్టిగా లెక్కపెట్టుకున్నది వాళ్ళే, మేము మూలలన్నీ చుట్టడం మొదలుపెట్టాక నోరు మెదపకుండా ఊరుకున్నదీ వాళ్ళే. ప్రతి పిల్లా బ్యాటు తీసుకోవడం, తాకి కళ్ళకద్దుకోవడం, కొట్టి తల తిప్పకుండా పరిగెత్తడం. ఒక శుక్రవారం అటువైపు బంగారు జుట్టు పిల్లాడొకడు మమ్మల్ని చూసి వాడూ బ్యాటు కళ్ళకి పెట్టుకున్నాడు. మాకు భలే సంబరమైంది.

ఆ సంబరం మరుసటి రోజే చల్లారింది. క్యాంప్ బాస్ మస్తానమ్మ గుమ్మం ముందుకి వచ్చాడు. నేనూ ఖాజా అక్కడే గచ్చు మీద గవ్వలాడుతున్నాం. "దేఖో అమ్మా, పైనుంచి కంప్లైంట్ వచ్చింది. గ్రౌండులో పూజలు చేయిస్తున్నావట. ఇది ఏ దేశమో తెలుసా? రేపట్నుంచి ఒక్క పిల్ల మొక్కినా టీమ్ క్యాన్సిల్. నువ్వు మన మజహబ్ దానివై ఉండి ఆ హిందూ పిల్ల అలవాటు అందరికీ అంటిస్తావా?"

"పూజ గాదు సారూ, మర్యాద. మీ ఇంట్లో రొట్టె కింద పడితే తొక్కి పోతారా?"

"వాదన వద్దు. జిలానీ క్వార్టర్ సంగతి కూడా ఆలోచించుకో."

"కంప్లైంట్ ఇచ్చింది ఎవురు? పేరు చెప్పండి, నేనే పొయ్యి అడుగుతా."

ఆయన పేరు చెప్పలేదు. చెప్పడానికి ఎవరైనా ఉంటే కదా! శుక్రవారం ఆట మొదలయ్యే ముందు మస్తానమ్మ నా చెయ్యి పట్టుకుని గ్రౌండు మధ్యకి నడిచింది. క్యాంప్ బాస్ గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడు. పొడుగాయన ముందు ఆగి, నా చేత బ్యాటు తాకించి, కళ్ళకద్దించి, "దిస్... నో? టీమ్ నో?" అని అడిగింది. ఆమెకున్న ఇంగ్లీషంతా అదే. పొడుగాయన నన్నూ బ్యాటునీ ఆమెనీ చూసి, భుజాలు ఎగరేసి, "వై నో? ప్లే!" అన్నాడు. ఆమె గేటు వైపు తిరిగి గ్రౌండంతా వినపడేలా అరిచింది, "సారూ! ఆడుకోమంటన్నాడు! కంప్లైంట్ ఎవురిదో మరి!" క్వార్టర్స్ కంచె వెంబడి నిలబడ్డ జనమంతా పకపకా నవ్వారు. క్యాంప్ బాస్ తల దించుకుని వెళ్ళిపోయాడు. నాకు ఆ రోజు ఏనుగెక్కినట్టుంది.

దిగాల్సి వస్తుందని పెద్దవాళ్ళకి తెలుసు. కొన్నాళ్ళకే జిలానీ పెద్దనాన్నని అబూధాబి దగ్గర మఫ్రఖ్ సైటుకి బదిలీ చేశారు. అది బ్యాచిలర్ క్యాంపు, గదికి పన్నెండు మంచాలు. కుటుంబానికి చోటు లేదు. అంటే మస్తానమ్మా ఖాజా ఇండియాకి పోవాల్సిందే. ఆమె పోతే జట్టుకి కోచ్ లేదు, కోచ్ లేకపోతే జట్టు లేదు. క్యాంప్ బాస్ ఒక్క కాగితంతో రెండు పనులూ చక్కబెట్టాడు. ఆ రోజు గోడకి అవతల జిలానీ పెద్దనాన్న గొంతు మొదటిసారి పైకి లేచింది. "చెప్పినా గదా గమ్మునుండమని! ఒక మొక్కు కోసం ఇల్లు పోగొట్టుకుంటారా ఎవరన్నా?" మస్తానమ్మ అంది, "వచ్చినప్పటి నుంచి ఈడ అన్నిటికీ వంగతానే ఉండాం. వంగేదాంట్లో మనం బాగా ఆరితేరినాం. పిల్లోళ్ళక్కూడా అదే నేర్పిచ్చమంటావా?" మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. మర్నాడు పొద్దున చూస్తే జిలానీ పెద్దనాన్న గుమ్మంలో గొంతుక్కూర్చుని మా టీ పలకకి ఊడొచ్చిన వెల్డింగు మళ్ళీ చేస్తున్నాడు. ఆయన జవాబు అదీ.

వాళ్ళ ప్రయాణం శుక్రవారమే పడింది. పొద్దున మస్తానమ్మ ఆ కాన్వాస్ బూట్లు ఉతికి, ఆరబెట్టి, తెచ్చి మా గడప మీద పెట్టింది. అమ్మ వాటి వంక పాము వంక చూసినట్టు చూసింది. "నాతోని గాదక్కా. నేను గేటు దాటినదాన్నే గాదు. అంతమంది ముంగట నాకు నోరెట్లొస్తది?" అంది. "నీతోని అవుతుందని నేను అన్నానా? బూట్లు పెట్టా, అంతే" అని వెళ్ళిపోయింది మస్తానమ్మ.

సాయంత్రం దుబాయ్ ఎయిర్‌పోర్టుకి పోయే టాక్సీ కంచె పక్కనే ఆగింది. సామాను ఎక్కించారు. ఖాజాని వెనక సీట్లో కూర్చోబెడితే వాడు అద్దానికి ముక్కు ఆనించి మమ్మల్నే చూస్తున్నాడు. ఆట మొదలైంది. మస్తానమ్మ చెప్పులతోనే గ్రౌండులో నిలబడి ఉంది. క్యాంప్ బాస్ చేతిగడియారం చూపిస్తూ "యల్లా అమ్మా, యల్లా!" అంటున్నాడు. "ఉండు సారూ, పిల్లని కొట్టనీ" అంది. నా దగ్గరికి వచ్చి జడలు సరిచేసి, "మ్మే రాధా, కొట్టినాక వెనక్కి చూడబాక. నేనుండానా పొయ్యానా అనేది నీకు అనవసరం. సమ్‌ఝే క్యా?" అంది. తలూపాను.

బ్యాటుని తాకి కళ్ళకద్దుకున్నాను. కొట్టాను. అంత గట్టిగా నేను అంతకుముందు కొట్టలేదు, తర్వాతా కొట్టలేదు. బంతి అటువైపు పిల్లల తలల మీదుగా పోయింది. పరిగెత్తాను. మొదటి మూల దగ్గర టాక్సీ తలుపు పడిన చప్పుడు వినిపించింది. తల తిప్పలేదు. రెండో మూల దగ్గర ఇంజను మోత. తిప్పలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, మూలలు కనిపించడం లేదు, అయినా ఉరికాను. నాలుగు మూలలూ చుట్టి మొదటికి వచ్చి, అప్పుడు చూశాను. కంచె పక్కన దుమ్ము మాత్రమే ఉంది.

పొడుగాయన చుట్టూ చూసి, "కోచ్?" అన్నాడు. క్యాంప్ బాస్ ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు ముందుకొచ్చాడు. "నో కోచ్ సర్. నో పేరెంట్. టీమ్ ఖలాస్." మాకు అర్థమైంది. మలయాళం పిల్లాడు బ్యాటు పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డాడు. కొట్టే వంతు వాడిదే. అప్పుడు గేటు దగ్గర ఏదో అలికిడి. మా అమ్మ. తల నిండా కొంగు కప్పుకుని, కాళ్ళకి ఆ తెల్ల బూట్లు. పీలికలు కుక్కుకోవడం తెలియక, అడుగు వేసినప్పుడల్లా బూట్లు టపాటపా కొట్టుకుంటున్నాయి. నీళ్ళ కుళాయి దాటి ఎప్పుడూ పోని మనిషి, ఆ గడ్డి మీద వణుకుతూ నడిచి వచ్చి క్యాంప్ బాస్‌కీ పొడుగాయనకీ మధ్య నిలబడింది.

"నేనున్న. దాని తల్లిని."

"నీకేం తెలుసమ్మా ఈ ఆట?" అన్నాడు క్యాంప్ బాస్, ఆ పాత ప్రశ్నే.

మా అమ్మ ఆయన వైపు చూడను కూడా లేదు. మలయాళం పిల్లాడి వైపు తిరిగి, జన్మలో ఎన్నడూ పెట్టనంత కేక పెట్టింది. "చూసుడేందిరా? మొక్కు, కొట్టు, ఉరుకు!"

వాడు మొక్కాడు, కొట్టాడు, ఉరికాడు. జట్టు నిలబడింది. రాత్రి బాపు డ్యూటీ నుంచి వచ్చాక అమ్మ భయపడుతూ చెబితే, బాపు బువ్వ కలుపుతూ అన్నాడు, "క్వార్టర్ గుంజుకుంటడా? గుంజుకోనీ. గా క్రషర్ ఎవడు నడుపుతడో నేనూ సూస్త." ఎవరూ గుంజుకోలేదు. ఆ క్వారీ పని ముగిసేదాకా మా అమ్మ ప్రతి శుక్రవారం ఆ బూట్లేసుకుని గ్రౌండుకి వెళ్ళింది.

మస్తానమ్మ పెద్దమ్మను తర్వాత నేను చూడలేదు. పోయిన ఏడు ఖాజా ఫోన్ చేసి పెద్దమ్మ పోయిందని చెప్పాడు. "చివరిదాకా ఎవరి మాటా వినలేదు రాధా" అన్నాడు, ఏడుస్తూ నవ్వుతూ. వినదు. ఎందుకు వింటుంది? నేనిప్పుడు ఇక్కడే ఒక బడిలో లెక్కలు చెబుతాను. క్లాసు మొదలుపెట్టే ముందు మార్కర్‌ని కళ్ళకద్దుకుంటాను. బాగుండదని బడి సూపర్‌వైజర్ పిలిచి చెప్పాడు, ఎవరో కంప్లైంట్ చేశారట. "ఎవరో పేరు చెప్పండి సార్, నేనే వెళ్ళి అడుగుతాను" అన్నాను. ఇప్పటిదాకా చెప్పలేదు. మంచి పని చేసేముందే దాని ముందు తల వంచాలి, చేశాక ఎవడి ముందూ వంచక్కర్లేదు. నాకు ఆమె ఇచ్చింది ఇదే. ఇది నా దగ్గర్నుంచి ఎవరూ ఖాళీ చేయించలేరు.

ఆ చీలిపోయిన గొట్టాన్ని మెకానిక్ చెత్తడబ్బాలో వేయబోతే అడిగి ఇంటికి తెచ్చాను. "ఈ చెత్తంతా ఇంట్లోకెందుకు?" అని మా ఆయన విసుక్కున్నారు. హాల్లో టీవీ ముందు కూర్చున్న మా అమ్మ చెయ్యి చాపింది. ఇప్పుడు మాతోనే ఉంటుంది, మోకాళ్ళు సహకరించవు. గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళకద్దుకుని, దాన్ని గచ్చు మీద నిలువుగా నిలబెట్టి, పడిపోకుండా చేత్తో పట్టుకుని నా వైపు చూసింది.

"బంతి ఏదే?" అంది.